ఏడేళ్ల పాపకి, పదకొండేళ్ల బాబుకి బొమ్మలు కదిలించే సాఫ్ట్‌వేర్: ఏది పెట్టాలి, ఎక్కడ ఆగిపోతారు

మీరు అడిగింది ఇదీ: పాపకి ఏడేళ్లు, బాబుకి పదకొండు. ఇంట్లో 4 జీబీ ర్యామ్ ఉన్న పాత విండోస్ ల్యాప్‌టాప్ ఒకటి, ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటి ఉన్నాయి. పిల్లలు బొమ్మలు గీయాలి, వాటిని కదిలించాలి, డబ్బు మాత్రం ఖర్చు కాకూడదు. ఎవరో చెబితే క్రిటా అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఎక్కించారు, రెండ్రోజులకే ఇద్దరూ వదిలేశారు. ఇప్పుడేం పెట్టాలి? పెన్నుతో గీసే పలక, అదే పెన్ టాబ్లెట్, కొనాలా?

పాపకి టక్స్ పెయింట్, బాబుకి పెన్సిల్ టూడీ, కొన్నాళ్లయ్యాక ఇద్దరికీ కలిపి స్క్రాచ్. మూడూ ఉచితం, మూడూ మీ ల్యాప్‌టాప్‌లో నడుస్తాయి. వాటి అధికారిక సైట్ల నుంచే దించుకోండి, వేరే డౌన్‌లోడ్ సైట్ల జోలికి పోవద్దు. పెన్ టాబ్లెట్ ఇప్పుడే వద్దు, ఎందుకో తర్వాత చెబుతాను.

క్రిటా మంచిదే, కానీ మీ మిషన్‌కి బరువు. లెక్క చూడండి. 1920 × 1080 కాన్వాస్ మీద ఒక్క బొమ్మని మెమరీలో పూర్తిగా విప్పితే, పిక్సెల్‌కి 4 బైట్ల చొప్పున 8 ఎంబీ దాటుతుంది. 120 బొమ్మలంటే ఒక్క లేయర్‌కే (ఒకదాని మీద ఒకటి పరిచే పారదర్శక కాగితం లాంటిది) దాదాపు 1 జీబీ. 4 జీబీలో విండోస్ తన వాటా తీసుకున్నాక మిగిలేది ఎంతని? అదే 800 × 600 అయితే బొమ్మకి 2 ఎంబీ కూడా పట్టదు. పిల్లలకి ఆ సైజు చాలు. వాట్సాప్‌లో అమ్మమ్మకి పంపేదానికి ఫుల్ హెచ్‌డీ ఎందుకు?

ఇంకో లెక్క పిల్లల చేతే వేయించండి. సెకనుకి 12 బొమ్మలు అనుకుంటే అర నిమిషం కథకి 360 బొమ్మలు. బొమ్మకి 3 నిమిషాలు పట్టినా 18 గంటల పని. పిల్లల బుర్రలో ఉండేదేమో హీరో, విలన్, ఫైటింగ్, చివర్లో పేర్లు పడటం. అందుకే మొదటి నెలంతా ఒకే షరతు పెట్టండి: ఏం చేసినా 15 బొమ్మలు దాటకూడదు. కూర్చున్న గంటలోనే ఏదో ఒకటి కదలాలి. కదలకపోతే మర్నాడు ఆ కుర్చీ దగ్గరికి రారు.

ముందు పాప సంగతి. టక్స్ పెయింట్‌ని బిల్ కెండ్రిక్ 2002లో మొదలుపెట్టాడు. 3 నుంచి 12 ఏళ్ల పిల్లల కోసం చేసింది. పెద్ద బటన్లు, ప్రతి నొక్కుకీ ఓ చప్పుడు, కింద పెంగ్విన్ చెప్పే సలహాలు. భాషల జాబితాలో తెలుగు కూడా ఉంది, కొన్నిచోట్ల ఇంగ్లీషు అలాగే మిగిలిపోయి కనిపిస్తే కంగారు పడకండి. స్టాంపుల మూట విడిగా దించుకోవాలి. అది లేకపోతే స్టాంప్ బటన్ నొక్కినా ఏమీ ఉండదు.

పాపని కూర్చోబెట్టే ముందు పది నిమిషాల పని మీకుంది. దీంతోపాటే వచ్చే టక్స్ పెయింట్ కాన్ఫిగ్ అనే చిన్న ప్రోగ్రాం తెరవండి. భాష అక్కడే మారుతుంది. ఫుల్ స్క్రీన్ పెట్టండి, లేకపోతే మౌస్ పక్కకి జారి వేరే విండో తెరుచుకుంటుంది. ప్రింటర్ తగిలించి ఉంటే ప్రింటింగ్ ఆపేయండి, లేదా ఒక ప్రింటుకీ ఇంకో ప్రింటుకీ మధ్య ఇన్ని సెకన్ల వ్యవధి అని పెట్టండి. ఆ ప్రింట్ బటన్ చూడగానే నొక్కాలనిపించేలా ఉంటుంది మరి. మౌస్‌లో మామూలుగా ఎడమ బటనే పనిచేస్తుంది. చిన్న చేతులు కుడి బటన్ కూడా నొక్కేస్తుంటే, అన్ని బటన్లనూ ఒకేలా లెక్కపెట్టే సెట్టింగ్ ఉంది, అది టిక్కు పెట్టండి. అన్నిటికన్నా ముఖ్యం సేవింగ్ పేజీలో ఉంటుంది: పాత బొమ్మ మీదే రాయాలా, అడగాలా, ప్రతిసారీ కొత్త బొమ్మగా దాచాలా అని మూడు ఎంపికలు. యానిమేషన్ చేసే రోజున మూడోది పెట్టండి.

ఎందుకంటే టక్స్ పెయింట్‌లో టైమ్‌లైన్, అంటే బొమ్మల్ని కాలం వరుసలో పేర్చే పట్టీ, లేదు. గీసిన బొమ్మల్ని వరుసగా తిప్పి చూపించే స్లైడ్స్ మాత్రం ఉంది. కొంచెం గీయడం, సేవ్ చేయడం, ఇంకొంచెం గీయడం, మళ్లీ సేవ్ చేయడం. ప్రతి సేవ్ ఒక ఫ్రేము. దీనికి ముగ్గును మించిన మొదటి పాఠం లేదు. ముగ్గులో చెరిపేది ఉండదు, కలుపుకుంటూ పోవడమే.

న్యూ నొక్కి, రంగుల్లో ముదురు గోధుమ రంగు పేజీ తీసుకోండి, అలికిన వాకిలిలా ఉంటుంది. బ్రష్ గుండ్రంది, రంగు తెలుపు. ఐదు చుక్కలు, ఐదు వరుసలు. ఒక వరుస చుక్కలు పెట్టగానే సేవ్. ఐదు వరుసలకి ఐదు బొమ్మలయ్యాయి. తర్వాత ఒక్కో గీత, ఒక్కో మెలిక వేశాక ఒక్కో సేవ్, ఇవి ఎనిమిదో పదో అవుతాయి. మొత్తం 15 లోపే. ఇప్పుడు ఓపెన్ నొక్కి స్లైడ్స్‌లోకి వెళ్లి బొమ్మల్ని గీసిన వరుసలో నొక్కుతూ పోవాలి, నొక్కినదాని మీద అంకె పడుతుంది. స్పీడ్ కర్రని బాగా ఎడమకి లాగితే తనంతట తాను తిరగదు, ఒక్కొక్కటీ మనమే జరపాలి, కాబట్టి కుడివైపుకి జరిపి ప్లే నొక్కండి. ముగ్గు దానంతటదే పడుతుంది. అక్కడే జిఫ్‌గా, అంటే కదిలే బొమ్మ ఫైల్‌గా, ఎగుమతి చేసే బటన్ కూడా కొత్త వెర్షన్లలో ఉంది.

ఇందులో రెండు తప్పులు జరుగుతాయి. ఒకటి, కాన్ఫిగ్‌లో సెట్టింగ్ మార్చకపోతే సేవ్ చేసిన ప్రతిసారీ పాతదాన్ని మార్చేయమంటావా అని అడుగుతుంది. పాప అలవాటుగా ‘అవును’ అంటుంది, దాంతో ఒక మెట్టు పోతుంది, ముగ్గు మధ్యలో గెంతినట్టు కనిపిస్తుంది. రెండు, ఉత్సాహంలో మూడు గీతలు గీసి ఒకసారి సేవ్ చేస్తుంది. దీనికి తిట్టక్కర్లేదు. ప్లే చేసి ఆ గెంతు చూపిస్తే చాలు, రెండోసారికి తనే సర్దుకుంటుంది.

ముగ్గు అయ్యాక కదిలే వస్తువు, అంటే గాలిపటమో, చేపో. ఇక్కడ పాతచోట చెరిపి కొత్తచోట గీయాలి. వెనక రంగురంగుల ఆకాశం, చెట్లు గీసి ఉంటే ఎరేజర్ వాటినీ తినేస్తుంది. న్యూలో ఎంచుకున్న ఒకే రంగు పేజీ అయితే చెరిపినచోట ఆ రంగే వస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ తప్పదంటే న్యూలోనే ఉండే స్టార్టర్ బొమ్మల్లో ఒకటి తీసుకోండి, చెరిపినా వెనక ఉన్న ఆ బొమ్మ పోదు.

ఇక బాబు. పెన్సిల్ టూడీ కాగితం మీద గీసినట్టే చేత్తో ఒక్కో ఫ్రేము గీసే సాఫ్ట్‌వేర్. తెరవగానే కింద టైమ్‌లైన్‌లో కెమెరా, వెక్టర్, బిట్‌మ్యాప్ లేయర్లు ఉంటాయి. గీయాల్సింది బిట్‌మ్యాప్ మీద, అది పిక్సెళ్లతో బొమ్మ పడే లేయర్. వెక్టర్ లేయర్‌ని మొదటి రోజే తీసేయండి, దాని గీత తీరు వేరు, పిల్లలు తెలియక దాని మీద గీసి రంగు నిండట్లేదని గొడవ చేస్తారు. కెమెరా లేయర్ ఎంచుకుని ఉంటే ఎంత రుద్దినా గీత పడదు. ‘పాడైపోయింది’ అన్న కేకల్లో సగం ఇవే. గీత పడకపోతే ముందు చూడాల్సింది ఏ లేయర్ మీద ఉన్నామని, తర్వాత ఆ లేయర్ కనపడకుండా దాచేసి ఉందేమోనని.

మొదటి పాఠం ఎగిరే బంతి. యానిమేషన్ నేర్పేవాళ్లు చాలామంది దీంతోనే మొదలుపెడతారు, దానికి తగ్గ కారణమూ ఉంది. సెకనుకి 12 ఫ్రేములు ఉంచండి, మొదట ఉండేదీ అదే. వ్యూ మెనూలో గ్రిడ్ ఆన్ చేసి, ప్రిఫరెన్సెస్‌లో గడి సైజు 25 పిక్సెళ్లు పెట్టండి. నేల గీత కోసం వేరే లేయర్ తీసుకుని అడుగున గీయండి. నేల నుంచి పైకి 16 గడులు లెక్కపెట్టి అక్కడో గుర్తు. బంతి అక్కడి నుంచి పడుతుంది. మొదటి ఫ్రేము నుంచి రెండోదానికి 1 గడి దిగుతుంది, అక్కడి నుంచి మూడోదానికి 3, తర్వాత 5, తర్వాత 7. మొత్తం 16, నేలని తాకింది. అంటే పై గుర్తు నుంచి కిందికి కొలిస్తే బంతి అడుగు ఉండాల్సిన చోట్లు 0, 1, 4, 9, 16. పైకి లేచేటప్పుడు అవే వెనక్కి: 9, 4, 1. మళ్లీ 0 గీయక్కర్లేదు, లూప్ (మళ్లీ మళ్లీ ఆడించడం) పెడితే మొదటి బొమ్మే వస్తుంది. మొత్తం ఎనిమిది బొమ్మలు.

1, 3, 5, 7 ఎక్కడివంటే, పడే వస్తువు సమాన కాలాల్లో దాటే దూరాలు అదే నిష్పత్తిలో పెరుగుతాయి, గెలీలియో చెప్పినదే. బాబు పెద్ద తరగతుల్లో ఫిజిక్సులో చదువుతాడు. పోల్చి చూడటానికి ఇంకోటి గీయించండి: ప్రతి ఫ్రేముకీ సమానంగా 4 గడులు. బంతి పడినట్టుండదు, లిఫ్టులో దిగుతున్నట్టుంటుంది. రెండూ పక్కపక్కన ఆడిస్తే ఇంక వివరించేది ఏమీ ఉండదు.

తర్వాత నేలని తాకిన ఐదో బొమ్మని మాత్రం మార్చమనండి. బంతి 80 పిక్సెళ్ల వెడల్పు, 80 ఎత్తు ఉంటే అక్కడ 100 వెడల్పు, 64 ఎత్తు. గుణిస్తే రెండూ 6400 రావాలి. అణిగినంత పక్కకి పొంగాలన్నమాట. ఎత్తు తగ్గించి వెడల్పు పెంచకపోతే రబ్బరు బంతి కాస్తా గాలిపోయిన బంతి అవుతుంది.

గీసేటప్పుడు ఆనియన్ స్కిన్ ఆన్ చేసి ఉంచాలి, వెనక ఫ్రేములోని బొమ్మ లేతగా కనిపిస్తుంది. వెనక ఒక్క ఫ్రేము చాలు. మూడు నాలుగు పెడితే దేన్ని చూసి గీయాలో తెలియక గీతలు కలిసిపోతాయి. ఇంకో చిక్కు: టైమ్‌లైన్‌లో ఖాళీ చోటికి వెళ్లి గీస్తే ఏం జరగాలో ప్రిఫరెన్సెస్‌లో టూల్స్ దగ్గర ఉంటుంది. కొత్త ఖాళీ ఫ్రేము తయారవ్వాలి అన్నది ఎంచుకుని ఉండాలి. పాత ఫ్రేము మీదే గీయాలి అని ఉంటే ఎనిమిది బంతులూ ఒకే బొమ్మలో ద్రాక్షగుత్తిలా పడతాయి.

రంగు బకెట్ పోస్తే పేజీ అంతా నిండిపోయిందంటే గీతలో ఎక్కడో సందు ఉన్నట్టే. అన్‌డూ చేసి, పెద్దది చేసి చూసి, సందు మూసి మళ్లీ పోయాలి. సందు లేకపోయినా గీత పక్కన తెల్లటి అంచు మిగులుతుంది. గీత అంచుల్లో పిక్సెళ్లు సగం రంగులో ఉంటాయి కాబట్టి బకెట్ అక్కడ ఆగిపోతుంది. బకెట్ సెట్టింగుల్లో ఎక్స్‌పాండ్ అని ఉంటుంది, 2 పెడితే ఆ అంచు కప్పేస్తుంది.

పెన్సిల్ టూడీలో అక్షరాలు రాసే పనిముట్టు లేదు. టైటిల్ కావాలంటే చేత్తో రాయాలి, లేదా వేరేచోట పీఎన్‌జీ చేసి ఇంపోర్ట్ చేయాలి. పిల్లల చేతిరాతే నయం. పూర్తయ్యాక ఎక్స్‌పోర్ట్ మూవీతో ఎంపీ4 తీయండి. కెమెరా చట్రం బయట గీసింది వీడియోలో రాదు, ‘బంతి సగమే వచ్చింది’ అంటే కారణం అదే. సేవ్ చేసిన పీసీఎల్‌ఎక్స్ ఫైల్‌ని చుట్టాలకి పంపితే వాళ్ల ఫోన్‌లో తెరుచుకోదు, అది మనం మళ్లీ దిద్దుకోవడానికి. జిఫ్ కూడా తీయొచ్చు, కానీ జిఫ్‌లో ఫ్రేముకి 256 రంగులే, మెత్తగా మారే షేడింగ్ చారలు చారలుగా వస్తుంది.

స్క్రాచ్‌కి మీ పిల్లలు నెల తర్వాత వస్తే మంచిది. ఎంఐటీ మీడియా ల్యాబ్ 2007లో తెచ్చింది. నెట్ లేకుండా నడిచే యాప్ ఉంది, అకౌంట్ అక్కర్లేదు. దాని వేదిక 480 × 360. ఇందులో ప్రతి ఫ్రేమూ గీయం, ముక్కలు గీసి తిప్పుతాం. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలు ఎలా ఉంటాయో గుర్తుచేసుకోండి. మొండెం వేరు, చెయ్యి వేరు, భుజం దగ్గర దారంతో ముడి. ఇక్కడా అంతే. స్క్రాచ్‌లో విడిగా కదిలే బొమ్మని స్ప్రైట్ అంటారు. ఒక స్ప్రైట్ మొండెం, ఇంకోటి చెయ్యి. చెయ్యి ఏ బిందువు చుట్టూ తిరగాలో అదే ఆ ముడి. కాస్ట్యూమ్ (స్ప్రైట్ రూపం) గీసే పేజీ నడుమ లేతగా ఓ గుర్తు ఉంటుంది. చేతిని మొత్తం ఎంచుకుని, భుజం సరిగ్గా ఆ గుర్తు మీదికి వచ్చేలా జరపాలి. జరపకపోతే చెయ్యి తన నడిమధ్య నుంచి ఫ్యాన్ రెక్కలా తిరుగుతుంది.

మొండేనికీ ఇదే కిటుకు: దాని భుజాన్ని కూడా ఆ గుర్తు మీదే పెట్టండి. అప్పుడు చేతికి ఫరెవర్ (ఆగకుండా తిరిగే బ్లాక్) లోపల ‘గో టు మొండెం’ అన్న ఒక్క బ్లాక్ చాలు, మొండెం ఎటు నడిస్తే చెయ్యి అటు భుజానికి అతుక్కునే పోతుంది. చెయ్యి ఊపడానికి వేరే స్క్రిప్టు: ఆరుసార్లు 5 డిగ్రీలు ఇటు, ఆరుసార్లు 5 డిగ్రీలు అటు, ప్రతి తిప్పుకీ 0.05 సెకన్ల వెయిట్. ఆ వెయిట్ మరిచిపోవడం స్క్రాచ్‌లో అందరూ చేసే తప్పు. సెకనుకి 30 సార్లు లూప్ తిరుగుతుంది, నడక కాస్తా వణుకు అవుతుంది. నెక్స్ట్ కాస్ట్యూమ్ వాడినా అంతే, 0.1 సెకన్ల వెయిట్ పెట్టాలి.

స్క్రాచ్‌లో తెలుగు అక్షరాలు టైప్ చేయొచ్చు, కానీ వేరే కంప్యూటర్లో ఫాంటు మారి మాట పక్కకి జరిగిపోవచ్చు. అక్షరాలు కుదిరాక ఆ కాస్ట్యూమ్‌ని బిట్‌మ్యాప్‌గా మార్చేస్తే బొమ్మగా స్థిరపడుతుంది. మార్చాక అక్షరదోషం దిద్దలేరు, కాబట్టి ముందే చూసుకోండి.

పాపకి స్క్రాచ్ జూనియర్ గురించి కూడా అడుగుతారేమో. 5 నుంచి 7 ఏళ్ల వాళ్లకి చేసింది, చదవాల్సిన పనిలేదు, ప్రాజెక్టుకి 4 పేజీలు. కానీ అది టాబ్లెట్ కోసం చేసింది, మీ దగ్గర ఫోనే ఉంది. వదిలేయండి.

ఆ ఫోన్ వేరే పనికి పనికొస్తుంది: స్టాప్ మోషన్. స్టాప్ మోషన్ స్టూడియో అనే యాప్ ఉచిత వెర్షన్ సరిపోతుంది. మట్టి బొమ్మ గానీ, కొండపల్లి బొమ్మ గానీ బల్ల మీద పెట్టి కొంచెం జరిపి ఫోటో, కొంచెం జరిపి ఫోటో. 24 సెంటీమీటర్లు 2 సెకన్లలో నడవాలంటే 24 ఫోటోలు, ఫోటోకి 1 సెంటీమీటర్. ఏటికొప్పాక లక్కబొమ్మలు నున్నగా మెరుస్తాయి, లైటు వాటి మీద పడి మచ్చ కొడుతుంది. వాటిని వాడితే లైటుకి అడ్డంగా తెల్ల కాగితం పెట్టండి. ఫోన్‌ని పుస్తకాల మధ్య కదలకుండా బిగించండి. ఎక్స్‌పోజర్, ఫోకస్ లాక్ చేయండి, లేకపోతే పిల్ల చెయ్యి ఫ్రేములోకి వచ్చి వెళ్లిన ప్రతిసారీ ఫోన్ వెలుతురు సర్దుకుంటుంది, వీడియో ట్యూబ్‌లైట్ చెడినట్టు మిణుకుతుంది. కిటికీ మూసి ఒకే లైటు వాడండి. ఫ్యాన్ ఆపాలి, కాగితం బొమ్మలైతే మరీను. ఏరోప్లేన్ మోడ్ పెట్టండి. మధ్యలో ఫోన్ మోగి ఎవరైనా తీశారంటే, మళ్లీ అదే చోట పెట్టడం ఎవరి వల్లా కాదు.

పెన్ టాబ్లెట్ విషయం. తెర లేని చవక రకంలో చెయ్యి బల్ల మీద, చూపు తెర మీద ఉండాలి. ఏడేళ్ల పిల్లకి ఇది విసుగు, పదకొండేళ్ల వాడికి వారం పది రోజుల అలవాటు. పైన చెప్పిన బంతి, తోలుబొమ్మ పాఠాలకి మౌస్ చాలు. బాబు మౌస్‌తో ఓ పది చిన్న యానిమేషన్లు పూర్తిచేసి ‘గీత వంకర పోతోంది’ అని తనే విసుక్కున్న రోజున కొనండి. కొన్నాక గీత ఆలస్యంగా పడుతున్నా, ఒత్తిడి పనిచేయకపోయినా ముందు డ్రైవర్ సెట్టింగుల్లో విండోస్ ఇంక్ టిక్కు మార్చి చూడండి.

చివరగా ఒక జాగ్రత్త. టక్స్ పెయింట్ ఫైల్ పేరు అడగదు, ఎక్కడ దాచిందో చెప్పదు. విండోస్‌లో అవి యూజర్ ఫోల్డర్ లోపల యాప్‌డేటా, దాంట్లో రోమింగ్, దాంట్లో టక్స్‌పెయింట్, దాంట్లో సేవ్డ్ అనే చోట ఉంటాయి, పేర్లు తేదీ, టైముల అంకెలు. యాప్‌డేటా దాచిన ఫోల్డర్, ఎక్స్‌ప్లోరర్ వ్యూ మెనూలో హిడెన్ ఐటమ్స్ టిక్కు పెడితేనే కనిపిస్తుంది. ల్యాప్‌టాప్ ఫార్మాట్ చేయించేటప్పుడు డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ కాపీ చేసి ఇది వదిలేస్తారు, పాప ముగ్గులన్నీ పోతాయి. ఆ సేవ్డ్ ఫోల్డర్‌ని నెలకోసారి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి.